ముఖాలు లేని రెండు వందల మంది

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన మంచి పేరే ఒకటుంది. అయితే ఆ పేరు ఇప్పుడు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. మెడలో ఎప్పుడూ పసుపుపచ్చ టేపు వేలాడుతుంటుంది కాబట్టి వీధి వీధంతా టేపక్క అంటుంది. “నిద్రపోయేటప్పుడైనా దాన్ని తీసి పక్కన పెట్టవే, నా మెడకు చుట్టుకుంటుందేమోనని భయంగా ఉంది” అని మొగుడు వేళాకోళం చేస్తాడు. ఆవిడ నవ్వుతుంది గానీ ఈ మధ్య ఆ నవ్వు సగం దారిలోనే ఆగిపోతోంది.

ఆవిడ కుట్టేది అందరూ కుట్టే బట్టలు కాదు. ఆపరేషన్లో రొమ్ము తీసేసిన ఆడవాళ్ళకు, ఆ పక్క మెత్త అమర్చిన బాడీలు కుడుతుంది. ఈ పని ఆవిడకు పిన్ని దగ్గర అబ్బింది. పిన్నికి ఆపరేషన్ అయ్యేనాటికి ఆవిడ తొమ్మిదో తరగతి. మిషను తొక్కేవాళ్ళు లేక బడి మానేసి వచ్చింది, మళ్ళీ వెళ్ళలేదు. పిన్ని తన కోసం తానే దూది కూరి మొదటి మెత్త కుట్టుకుంది. చెయ్యెత్తితే చాలు, అది మెడ దాకా లేచి కూర్చునేది. “ఎవరొచ్చారో చూడ్డానికి లేస్తుందే ఇది, నా మాట వినదు” అని పిన్ని నవ్వేది. తర్వాత తెలిసింది, కుదరాల్సింది ఆకారం ఒక్కటే కాదు, బరువు కూడా అని. రెండు పక్కలా ఒకే బరువు లేకపోతే ఆరునెలలు తిరిగేసరికి ఒక భుజం పైకి లేస్తుంది, నడుం పట్టేస్తుంది. అందుకే టేపక్క బల్ల మీద కత్తెర పక్కనే వంటింటి త్రాసు, ఆవగింజలంత గాజు గుళ్ళ సీసాలు మూడు ఉంటాయి.

ఇంకో చిక్కుంది. టేపు పొడవు చెబుతుంది గానీ, మచ్చ ఎటు తిరిగిందో చెప్పదు. మచ్చ మీద కుట్టు పడిందా, సాయంత్రానికల్లా ఆ మనిషి ప్రాణం విలవిల్లాడిపోతుంది. పిన్ని పల్చటి గుడ్డ పరిచి పెన్సిలుతో గీసుకునేది. టేపక్క చేతికి ఫోను వచ్చాక గుడ్డ మానేసి ఫోటో తీయడం మొదలుపెట్టింది. ముఖం పడకుండా, మెడ కింద నుంచి నడుం దాకా. పదకొండేళ్ళలో ఒక్కరి ముఖం కూడా తీయలేదు. “ఇక్కడి మాట గడప దాటదు” అని ప్రతి మనిషికీ చెప్పేది. ఆ మాట నమ్మే అంతమంది వచ్చేవాళ్ళు.

గడప దాటింది మాట కాదు, ఫోటో. అదీ ఇంట్లో గోడ మీదికే వచ్చింది.

అత్తగారు తుంటి విరిగి మంచాన పడ్డారు. ఆవిడకు పొద్దుపోవాలని మొగుడు ఒక టాబ్ కొని మంచానికి ఎదురుగా గోడకు బిగించాడు. అందులో ఇంట్లోవాళ్ళ ఫోటోలు ఒకటి తర్వాత ఒకటి వచ్చేలా, పెళ్ళాం ఫోన్‌లో ఉన్న ఖాతానే పెట్టేశాడు. మూడు వారాలు అంతా బాగానే గడిచింది. పెళ్ళిళ్ళు, పిల్లలు, ఎవరిదో గృహప్రవేశం. ఒక మధ్యాహ్నం పక్కింటావిడ నిచ్చెన తిరిగిచ్చి వెళ్దామని వచ్చి, మంచం పక్కన కూర్చుని కబుర్లలో పడింది. ముందు గదిలో కత్తిరింపు పనిలో ఉన్న టేపక్కకు కొత్త సంగీతం ఏదో వినిపించింది. వెంటనే పక్కింటావిడ “అయ్యో!” అనడం కూడా.

కత్తెర చేతిలో ఉండగానే పరిగెత్తింది. గోడ మీద ఒక ఆడమనిషి ఒంటి ఫోటో. ఎడమ పక్క చదునుగా, చంక కింద నుంచి మధ్య దాకా ఎర్రటి గీత. వెనకాల నిలువుటద్దం. ఆ రోజు అద్దం మీద గుడ్డ కప్పడం మరిచిపోయింది కాబోలు, అందులో కళ్ళు మూసుకున్న ముఖం స్పష్టంగా పడింది. పైన బెలూన్లు ఎగురుతున్నాయి. “రెండేళ్ళ కిందట ఇదే రోజు” అని అక్షరాలు.

టేపక్క వైరు పీకేసింది. టాబ్‌లో బ్యాటరీ ఉంటుందిగా, అది ఆగలేదు. గోడ నుంచి ఊడబెరికి దుప్పటి మీద బోర్లా పడేసింది. ఫోటో కనబడలేదు గానీ సంగీతం మాత్రం దుప్పటి కింద నుంచి వస్తూనే ఉంది.

“ఎవరే ఆ పిల్ల, జ్వరమా?” అన్నారు చూపు మందగించిన అత్తగారు.

“ఈవిడ బస్టాండులో టికెట్లిచ్చే ఆవిడ కదూ?” అంది పక్కింటావిడ. “అయ్యో పాపం, ఎప్పుడూ నవ్వుతూ ఉంటుందే. నేనెవరికి చెబుతానమ్మా, నాకేం పని?”

ఆవిడ చెడ్డమనిషి కాదు. కానీ ఎవరూ అడక్కుండానే ఎవరికీ చెప్పనంది. అక్కడే టేపక్క గుండెల్లో రాయి పడింది.

సాయంత్రం మొగుడు వ్యాను తోలుకొచ్చి దిగీదిగగానే విషయం విన్నాడు. “నీ ఫోన్లో పెళ్ళి ఫోటోలు కాక ఏముంటాయనుకున్నానే!”

“పదకొండేళ్ళుగా నేనేం కుడుతున్నానో తెలీదా మీకు?”

“అది తెలుసు. ఫోన్లో తీసినవన్నీ ఆ ఖాతా కంపెనీవాళ్ళ దగ్గరకు పోతాయని నీకు తెలుసా?”

తెలీదు. ఫోను కొన్న రోజున ఏదో అడిగితే “సరే” నొక్కింది. తర్వాత ఇంకేదో అడిగితే మళ్ళీ “సరే” నొక్కింది. ఏమడిగిందో చదవలేదు. చదివినా అర్థమయ్యేలా రాసి ఉండదని ఆవిడకు అనిపించింది గానీ ఆ మాట పైకి అనలేదు. అనుకున్నంత మాత్రాన తప్పు తేలికవదు.

మర్నాడు బస్టాండు వెనక గేటు దగ్గర నిలబడి, డ్యూటీ దిగి వస్తున్న టికెట్లావిడకు తానే చెప్పింది. ఆవిడ తన ఆపరేషన్ సంగతి మొగుడికి తప్ప ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియనివ్వలేదు. అటు ఇంట్లోవాళ్ళకూ ఇటు ఆఫీసులోనూ పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ అని చెప్పింది. రోజుకు రెండు వేలమంది అద్దం ఇవతల నుంచి ఆవిడ ముఖం చూస్తారు. ఒక్కరు కూడా పసిగట్టకుండా రెండేళ్ళు నెట్టుకొచ్చింది.

అంతా విని టికెట్లావిడ ఒక్క అరుపు కూడా అరవలేదు. అరిస్తేనే బాగుండేది.

“పొద్దున ఒకావిడ టికెట్ తీసుకుంటూ నా మొహం చూడలేదు. కిందికి చూసింది” అంది నెమ్మదిగా. “నా బొత్తాం గానీ ఊడిందా అనుకున్నాను.”

టేపక్క చేతులు జోడించింది.

“నాదొక్కదానిదేనా?”

“అందరివీ ఆ కంపెనీ దగ్గరే ఉన్నాయమ్మా.”

“అందరూ అంటే ఎంతమంది?”

“రెండు వందల పద్నాలుగు.”

టికెట్లావిడ సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. “మీ గోడ మీదకు ఒకటే వచ్చింది. తక్కినవి ఎవరి గోడ మీద ఉన్నాయో!”

“ఒక్కటి కూడా మిగలకుండా తీసేస్తాను. మాటిస్తున్నాను.”

“మాటలు ముందు కూడా ఇచ్చారు. తీసేశాక వచ్చి చెప్పండి. అంతవరకు మీ గుమ్మం తొక్కను.”

టేపక్క ఆ మాట నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చింది. ఆవిడ చేతిలో ఉన్న ఆస్తి మిషను కాదు, నమ్మకం. అది ఒకరి దగ్గర పోయిందంటే రెండు వందల మంది దగ్గర పోవడానికి ఎంతోసేపు పట్టదు. అది అలా ఉంచితే, అద్దంలో కళ్ళు మూసుకున్న ఆ ముఖం ఆవిడ కళ్ళ ముందు నుంచి పోవడంలేదు.

ఆడపడుచు ఊళ్ళోనే లైబ్రరీలో గుమాస్తా. కంప్యూటర్ల సంగతి ఆవిడకు బాగా తెలుసు. లైబ్రరీ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తాయి, అది ఎవరైనా ఉచితంగా పెట్టుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు. వదిన చెప్పింది విని ఆడపడుచు తల పట్టుకుంది.

“నేను మూడేళ్ళ నుంచి చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నానా లేదా వదినా? నీ బతుకంతా తీసుకెళ్ళి ఆ కంపెనీవాళ్ళ అరలో పెట్టకే అని. అప్పుడు నన్ను చూసి ఏమన్నావు?”

“పుస్తకాల దుమ్ము తలకెక్కింది అన్నాను.”

“అదీ.”

“ఎత్తిపొడుపు తర్వాత. ఇప్పుడే తీసేద్దాం పద. ఏ బొత్తాం నొక్కాలి?”

“నొక్కేస్తే పోతాయి. వాటితో నీ కొలతలన్నీ పోతాయి. వచ్చే ఏడు వాళ్ళకు ఏం చూసి కుడతావు?”

నిజమే. ఏడాదికోసారి మెత్త మార్చాలి. ఫోటోలు, కొలతలు, ఎవరికి ఎన్ని గ్రాముల గుళ్ళు వేసిందో ఆ లెక్క, అన్నీ అక్కడే ఉన్నాయి. ముందు వాటిని ఇంటికి తెచ్చుకోవాలి, తర్వాతే అక్కడ చెరపాలి. ఆడపడుచు తన ఇంట్లో మూలపడ్డ పాత లాప్‌టాప్ తెచ్చి, తుడిచి, లినక్స్ పెట్టి, ఇంటర్నెట్ తగలకుండా చేసి ఇచ్చింది. “స్వర్గమని చెప్పడంలేదు వదినా. ఇందులో ప్రింటరు నీ మాట వినదు. నీ మొగుడిలా రెండుసార్లు చెప్పాలి.”

“సొంత అన్నయ్యని కాస్తయినా వెనకేసుకు రావేంటే?”

“పక్కింటావిడకి నిచ్చెన ఇచ్చింది చాలక టాబ్ కూడా చూపించినవాణ్ణి ఏమని వెనకేసుకు రాను?”

ఖాతాలో ఉన్నదంతా పంపమని అడిగితే, కంపెనీ దాన్ని నలభైమూడు మూటలు కట్టి పంపింది. విప్పి చూస్తే ఆడపడుచుకే తలాతోకా తెలియలేదు. ఫోటోలు ఒకచోట, వాటి తేదీలు ఇంకోచోట, టేపక్క పెట్టుకున్న పేర్లు అసలెక్కడా లేవు. అన్నింటికీ అంకెలే. రెండు వేల చిల్లర ఫోటోలు, ముఖం లేని ఒళ్ళు.

“ముఖాలుంటే కంప్యూటరే విడదీసేది” అంది ఆడపడుచు ఉసూరుమంటూ.

“నేను విడదీస్తాలే” అంది టేపక్క.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, మిషను పని ఆపి, ఆ పని పెట్టుకుంది. తెర మీద ఫోటో రాగానే ఆవిడ చెప్పేది, ఆడపడుచు సెలవు రోజుల్లో పక్కన కూర్చుని పేరు కొట్టేది. మిగతా రోజుల్లో టేపక్కే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టుకునేది. మచ్చ చంక కిందికి కొక్కెంలా తిరిగింది, ఇది బడి వ్యాను నడిపే ఆవిడ. రెండు కుట్లు ఎగుడుదిగుడు, మందుల షాపువాళ్ళ అమ్మ. పక్కటెముకల దగ్గర పుట్టుమచ్చ, నర్సమ్మ. ఇంకొకామె ఫోటో తీసినంతసేపూ మొగుడి గురించి జోకులేస్తూ నిలబడింది, తెర మీద కూడా ఆ పొట్ట నవ్వుకు ముడుచుకునే ఉంది. అందరి ఒళ్ళూ గుర్తే. ఆవిడకు మెదడులో కన్నా వేళ్ళలో ఎక్కువ జ్ఞాపకం ఉన్నట్టుంది.

అయితే వాళ్ళలో ముప్ఫై ఒక్కమంది ఇప్పుడు లేరు. ఆ ఫోటోలు వచ్చినప్పుడు టేపక్క ఏమీ చెప్పేది కాదు, ఊరికే చెయ్యి అడ్డంగా ఊపేది. ఆడపడుచు తుడిచేసేది. కొన్ని రోజుల్లో ఇద్దరో ముగ్గురో అలా వెళ్ళేవారు. ఆ సాయంత్రాలు మిషను మీద కూర్చున్నా కాలు ఆడేది కాదు.

అన్నిటికన్నా పాతది పిన్ని ఫోటో. పిన్ని పోయి తొమ్మిదేళ్ళయింది.

“దీన్ని ఉంచుకో వదినా. నీ పిన్నేగా, నీ లాప్‌టాపేగా.”

టేపక్క చాలాసేపు చూసింది. “నన్ను ఉంచుకోమని ఆవిడ చెప్పలేదుగా” అని, చెయ్యి ఊపింది.

ఏడువారాలు పట్టింది. ఒళ్ళు హూనమైంది, కళ్ళకింద నీడలు పడ్డాయి. ఈలోపు అందరూ మాట్లాడుకునే మెసేజిల యాప్‌లోంచి కూడా బయటికొచ్చి, ఎవరూ తొంగిచూడలేని ఉచిత యాప్ ఒకటి పెట్టుకుంది. అసలు తలనొప్పి అక్కడ మొదలైంది. “అందరూ ఇందులోనే ఉంటే నువ్వొక్కదానివీ ఏ అడవిలో ఉన్నావక్కా?” అని ఒకరు, “నాకు ఇంకో యాప్ ఎక్కించుకునే ఓపిక లేదు తల్లీ, ఫోను చెయ్యి” అని ఒకరు. కొంతమంది ఏమీ అనలేదు, రావడం మానేశారు. సంజాయిషీ చెప్పుకుందామంటే అసలు సంగతి చెప్పాలి. చెబితే టికెట్లావిడ ఊసు ఎత్తాలి. మింగలేక కక్కలేక “నాకిదే వీలుగా ఉందమ్మా” అని ఊరుకునేది.

ప్రింటరు కూడా ఆడపడుచు చెప్పినంత పనీ చేసింది. కొత్త సాఫ్ట్‌వేర్లో గీసుకున్న నమూనాను కాగితంలో పట్టేలా తనంతట తానే కాస్త కుదించి అచ్చేసింది. నూటికి మూడు పాళ్ళు తక్కువ. కంటికి తెలియదు, ఒంటికి తెలుస్తుంది. మూడు బాడీలు కుట్టి, మూడింటికీ ఊపిరాడటంలేదని కబురొచ్చాక గానీ టేపు పెట్టి కాగితాన్నే కొలవాలని తోచలేదు. ఆ మూడూ విప్పి మళ్ళీ కుట్టింది. “పెద్దకంపెనీని వదిలినదానికి నా చేతులకు పడ్డ శిక్ష” అంది. అందులో జోకెంతో నిజమెంతో మొగుడికి అర్థంకాలేదు. ఆ రోజు గిన్నెలు తనే కడిగాడు.

చివరికి ఖాతా మూసే రోజు వచ్చింది. కంపెనీ ఒకటికి నాలుగుసార్లు అడిగింది. నిజంగా వెళ్ళిపోతారా, మీ జ్ఞాపకాలన్నీ పోతాయి, ఇంకోసారి ఆలోచించుకోండి.

“నన్ను అత్తారింటికి పంపేటప్పుడు కూడా ఇంతలా బతిమాలలేదు మీరంతా” అంది ఆడపడుచు.

టేపక్క ఈసారి ప్రతి అక్షరం చదివింది. చదివి నొక్కింది. “అరవై రోజుల్లో పూర్తిగా తొలగిస్తాం” అని వచ్చింది. అంతే. ఏడువారాల చాకిరీకి ఒక్క వాక్యం. ఆ అరవై రోజులూ వేళ్ళమీద లెక్కపెట్టుకుంది.

అరవై ఒకటో రోజున బస్టాండుకు వెళ్ళి టికెట్ల వరసలో నిలబడింది. తన వంతు వచ్చేసరికి, అద్దంలోని ఆ ముఖం ఎదురుగా, మధ్యలో మైకు. ఏం మాట్లాడినా వెనకాల ఇరవైమందికి వినబడుతుంది.

“ఎక్కడికి?” అంది టికెట్లావిడ మైకులో. గుర్తుపట్టనట్టే.

“ఎక్కడికీ కాదమ్మా. మీరు చెప్పమన్న పని అయిపోయింది.”

“టికెట్ తీసుకోనిదానికి వరసలో ఎందుకమ్మా నిలబడ్డం?” వెనక నుంచి ఎవరో గదమాయించారు.

టికెట్లావిడ ఒక్క క్షణం చూసి, “తర్వాత” అంది. అది తనతో అందో, వెనకాల మనిషిని రమ్మందో టేపక్కకు తెలియలేదు. పక్కకు జరిగి నడుచుకుంటూ ఇంటికి వచ్చేసింది.

పది రోజుల తర్వాత, వారంలో తన సెలవునాడు, టికెట్లావిడ వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి గదంతా కలియజూసింది.

“నా ఫోను వంటింట్లో డబ్బాలో పెట్టానమ్మా. ఇప్పుడు ఈ గదిలోకి రానివ్వడంలేదు.”

“చూపించండి.”

“ఏం చూపించమంటారు?”

“తీసేశానన్నారుగా. అది.”

టేపక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. అంతా మంటల్లో వేసినట్టు బూడిదైపోయిందని గట్టిగా చెప్పాలని రెండు మూడుసార్లు మనసులో అనుకుంది కూడా. తీరా ఆవిడ ఎదురుగా ఉంటే అబద్ధమాడలేకపోయింది.

“లేనిదాన్ని ఎలా చూపించను? నేను చెరిపాను. వాళ్ళు చెరిపేశామన్నారు. వాళ్ళ గదిలోకెళ్ళి వెతికి రావడానికి నాకు దారిలేదు. మీకిచ్చిన మాటలో నా చేతిలో ఉన్నంత వరకు చేశాను. మిగతాది నాకూ తెలీదు.”

“పక్కింటావిడ?”

“ఆవిడ తలలో ఉన్నది తుడవడానికి ఏ సాఫ్ట్‌వేరూ లేదమ్మా.”

టికెట్లావిడ పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి పోయింది. బల్లకు ఆనుకుని నిలబడి గాజు గుళ్ళ సీసా ఒకటి చేతిలోకి తీసుకుంది, అటూ ఇటూ వంచింది.

“నేను నమ్మి రాలేదు” అంది. “వచ్చే నెల రెండోది కూడా తీసేయాలన్నారు. ఇంకెక్కడికి వెళ్ళాలో తెలీక వచ్చాను.”

లోపల్నుంచి అత్తగారు “ఎవరే వచ్చింది?” అని అడిగారు. “నాకోసమేలే అత్తయ్యా” అంది టేపక్క.

వేరే దారిలేక వచ్చిన మనిషి. తనూ అలాగే కదా పదకొండేళ్ళు ఆ కంపెనీ దగ్గర “సరే” నొక్కుతూ కూర్చుంది. ఎదుటి మనిషికి ఇంకో దారి లేదని తెలిసినవాళ్ళు ఎంత నిర్లక్ష్యంగా ఉంటారో, ఆవిడకు ఈ నాలుగు నెలల్లో బాగా తెలిసొచ్చింది. లేచి తలుపు గడియ పెట్టింది. అద్దానికి గుడ్డ కప్పి, కప్పిందో లేదో చెయ్యి పెట్టి చూసుకుంది.

“రెండోది తీయకముందే దీని ఆకారం గీసుకోవాలి. తర్వాత రెండు పక్కలకీ ఇదే కొలత. మీకు ఎప్పుడూ ఉన్నట్టే ఉండాలిగా.”

ఫోటో అయితే రెండు నిమిషాల పని. పల్చటి గుడ్డ పరిచి, పెన్సిలుతో గీసి, టేపు పెట్టి, సరిచూసి, తప్పు వస్తే తుడిచి మళ్ళీ గీసేసరికి గంటన్నర పట్టింది. ఇద్దరికీ నిలబడి నిలబడి కాళ్ళు లాగేశాయి. మధ్యలో టికెట్లావిడ ఒకసారి కూర్చుంది.

అయ్యాక, “ఈ గుడ్డ మీ దగ్గర ఉంటుందా?” అంది టికెట్లావిడ.

“ఉండదు. నాకు కుట్టే నాలుగు రోజులే కావాలి. తర్వాత మీ దగ్గరే ఉంటుంది” అని టేపక్క ఒక తెల్లకాగితం తీసుకుంది. ఎన్ని గ్రాములు, ఏ మందం గుడ్డ, కుట్టు ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలి, మచ్చకు ఎంత ఎడం వదలాలి, అన్నీ వరసగా రాయడం మొదలుపెట్టింది. పిన్ని దగ్గర నేర్చుకున్నది, ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పనిది. “కుట్టు వచ్చినవాళ్ళు ఎవరైనా ఇది చూసి కుట్టగలగాలి. నేనే అక్కర్లేదు.”

“అంటే మళ్ళీ మీ దగ్గరకు రానవసరం లేదా?”

“రావాలనిపిస్తే రండి.”

టికెట్లావిడ కాగితం అందుకుని, టికెట్ మీద ఊరిపేరు సరిచూసుకునే మనిషిలా ఒక్కో వరసా చదివింది. నాలుగో వరస దగ్గర వేలు ఆపింది.

“ఇది అర్థం కాలేదు. ‘దాపు కుట్టు’ అంటే?”

“మా పనివాళ్ళ మాట. కుట్టు పైకి కనబడకుండా, ఒంటికి గుచ్చుకోకుండా లోపలికి మడిచి వేయడం.”

“అలాగే రాయండి. ఇంకొకరెవరో చదవాలన్నారుగా.”

టేపక్క ఆ వరస కొట్టేసి, పైన విడమరిచి రాసింది. టికెట్లావిడ మళ్ళీ చదివింది. ఆరో వరస దగ్గర మళ్ళీ వేలు ఆగింది. టేపక్క కళ్ళు నులుముకుని, కుర్చీ దగ్గరకు లాక్కుని, ఇంకో తెల్లకాగితం తీసి, మొదటి వరస నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.